మలుగు నోట్లో రొయ్య

సముద్రాన్ని తెచ్చి హోటల్లో పెట్టినవాణ్ణి నేను. ఈ మాట మా వీధిలో అందరికీ చెప్పాను. ఇక్కడ రాయడానికి కూడా నాకేం మొహమాటం లేదు. లారీ అంత గాజుతొట్టి! సరే, ఇది అచ్చులోకి పోయే మాట కాబట్టి ముందే సర్దుకుంటాను. లారీ అంత కాదు, ఆటో అంత. సామాన్లు మోసే ట్రాలీ ఆటో కూడా కాదు, మనుషులెక్కే మామూలు ఆటో. కానీ గాజు వెనక నీళ్లుంటే ఏదైనా పెద్దదిగానే కనిపిస్తుంది. అది నీళ్ల తప్పు, నాది కాదు.

తొట్టి మా భాయ్‌ది. భాయ్ నాకు చాలా ఏళ్ల స్నేహితుడు. రేవుల్లో చేపలు కొని ఊళ్లకు పంపే వ్యాపారం చేసి చేసి, మోకాళ్లు మొరాయించాక, కావలి నుంచి సముద్రానికి పోయే రోడ్డు పక్కన చేపల భోజనం హోటల్ పెట్టుకున్నాడు. నేను ఆ తీరంలోనే ఒక రొయ్యపిల్లల హేచరీలో పనిచేసి రిటైరయ్యాను. మేనేజర్‌గా చేశానని చెప్పుకుంటాను. నిజానికి మేనేజర్‌కి నీళ్ల సంగతి చెప్పే మనిషిని. పంపులు, వడపోతలు, ఉప్పు ఎంతుందో చూసే మీటరు, అంతవరకే నా రాజ్యం.

ఒకరోజు భాయ్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, ప్లేటు వచ్చేదాకా జనం ఫోన్లు చూస్తా కూర్చుంటన్నారు. నా హోటల్‌కి వచ్చి ఫోన్ చూసేదేంది? పెద్ద తొట్టి కట్టించి, సముద్రం చేపల్ని బతికుండంగా పెడదాం. నీకు తెలుసు కదా ఆ పనంతా?"

"తెలుసా అని అడుగుతావేంది భాయ్? నా మాటంటే ఉప్పునీళ్లు కూడా లేచి నిలబడతాయి."

నాకు తెలిసింది రొయ్య ఒక్కటే. అది కూడా కనురెప్ప వెంట్రుక అంతున్నప్పుడే. హేచరీలో మా పని ఎలాంటిదో చెప్పాలి. సముద్రం మాకు పైపులో వచ్చేది. దాన్ని ఇసుకలో వడగట్టి, బ్లీచింగ్ కొట్టి, అందులో ప్రాణమున్నది ఏదీ మిగల్లేదని తేలాక, గాలి పెట్టి మందు వాసన పోగొట్టి, అప్పుడు మా రొయ్యపిల్లలకు ఇచ్చేవాళ్లం. సముద్రాన్ని ముందు చంపడం, ఆ తర్వాత వాడుకోవడం. కిటికీ అవతలే అల కొట్టుకునేది. నేను మాత్రం పైపు చూస్తూ ఉద్యోగం ముగించాను.

ఆ అలవాటు చేతుల్లోంచి పోతుందా? తొట్టిలో వేయడానికి చెన్నైలో రంగుచేపలమ్మే దుకాణదారు సముద్రపు రాళ్లు పంపాడు. తడి గుడ్డల్లో చుట్టి ఉన్నాయి. విప్పితే వాటి మీద ఎర్రటి పాచి, సందుల్లో ఏవో పురుగులు, గొట్టాల్లోంచి ఈకల్లా తొంగిచూసేవేవో. ఇదంతా మురికి అనుకున్నాను. భాయ్ మెచ్చుకునేలా డ్రమ్ము నిండా బ్లీచింగ్ నీళ్లు కలిపి, రాళ్లన్నీ అందులో ముంచి, పెళ్లిచెంబుల్లా తళతళ తోమి పెట్టాను. దుకాణదారుకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను కూడా.

ఆయన అరవయాసలో అన్నాడు: "సార్, నీళ్లను కడిగేదే ఆ రాళ్లు సార్. మీరు దాన్నే కడిగేస్తే ఎట్లా సార్?"

చేపలు వేసే మురికిని ఆ రాళ్లలోని కంటికి కనపడని ప్రాణులు తినేస్తాయట. అవి లేని తొట్టిలో చేపలు తమ మురికిలో తామే చచ్చిపోతాయట. మళ్లీ కొన్ని బతికున్న రాళ్లు తెప్పించి, చచ్చినవాటి పక్కన పెట్టి, ప్రాణం వాటినుంచి వీటికి పాకేదాకా ఉత్త నీళ్లు చూస్తూ కూర్చున్నాం. భాయ్ రోజూ వచ్చి, "అన్నా, నీళ్లు భలేగా ఈదతన్నాయే!" అని పోయేవాడు.

ఆ ఖాళీ రోజుల్లోనే మలుగు వచ్చింది. చూడటానికి పాములా ఉండే చేప. బోగోలు వైపు, రేవుకి అడ్డంగా వేసిన రాళ్ల దగ్గర ఎవరి వలలోనో పడితే, బతికే ఉందని బకెట్లో వేసి భాయ్‌కి తెచ్చిచ్చారు. నేను మూత తీశాను. ఐదడుగుల మలుగు, చెయ్యంత లావు! హోటల్ వంటమాస్టర్ అక్కడే ఉన్నాడు కాబట్టి ఈ కొలత నిలవలేదు. గరిటె తెచ్చి బకెట్ పక్కన ఆనించి, "రెండు గరిటెలు పెద్దాయనా, అంతే" అన్నాడు. ఒళ్లంతా గోధుమరంగు మీద ఆవాలు చిమ్మినట్టు చుక్కలు. పొలుసు లేదు, పక్కరెక్కలు లేవు. తల ఎత్తి నా వైపు తిప్పింది. నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. బెదిరిస్తోందని మాస్టర్ వెనక్కి జరిగాడు. నాకు మాత్రం ఎవరో చాలా ముఖ్యమైన సంగతి చెబుతుంటే నాకే చెవులు వినబడటం లేదనిపించింది. అది ఊపిరి తీసుకునే తీరే అంతని తర్వాత తెలిసింది.

ఈ వయసులో సిగ్గు విడిచి చెబుతున్నాను, దాని మీద మనసు పడ్డాను.

"ఇది చూసేదానికి కాదు, పులుసుకి. మా వాకాడు పక్క దీన్ని ఎట్టా వండతారో తెలుసునా?" అన్నాడు మాస్టర్.

"దీన్ని తొట్టిలో పెడదాం భాయ్," అన్నాను నేను.

భాయ్ బకెట్లోకి చూశాడు, నన్ను చూశాడు. "పెట్టు. కానీ ఒక మాట. రేపు చేపలొస్తాయి. వాటిల్లో ఒక్కటి మాయమైనా, ఒక్క మనిషికి దీని పన్ను గీరుకున్నా, ఇది మాస్టర్ చేతికి పోతాది. మళ్లీ నన్ను అడగబాకు."

మాస్టర్ నవ్విన నవ్వు నాకు నచ్చలేదు.

దాంతో తొట్టిలోకి ఎవరు రావాలన్నది మలుగుని బట్టి తేల్చాల్సి వచ్చింది. పెళ్లిబంతిలో ఎవరి పక్కన ఎవరికి ఆకు వేయాలో చూసుకునేవాడికి ఈ బాధ తెలుస్తుంది. పాత తగాదా ఉన్నవాళ్లు ఎదురెదురు పడకూడదు, త్వరగా తినేవాడి పక్కన నిదానస్తుణ్ణి కూర్చోబెట్టకూడదు. దీనికి నేనొక సూత్రం కనిపెట్టాను: ఎదుటివాడి నోట్లో పట్టేంత చిన్నది ఏదీ తొట్టిలో ఉండకూడదు. కనిపెట్టానంటే, చెన్నై ఆయన ఫోన్లో చెప్పాడు, నేను భాయ్‌కి చెప్పేటప్పుడు ఆయన ప్రసక్తి తేవడం మరిచిపోయాను.

భాయ్‌కి చారల జోకర్ చేపలు కావాలి. వద్దన్నాను, మలుగుకి అవి పకోడీల్లాంటివి. చిలకముక్కు పళ్లున్న ట్రిగ్గర్ చేప కావాలన్నాడు. అది నిద్రపోతున్న మలుగు తోక కొరుకుతుందట, అదీ వద్దన్నాను.

"నేను పాముకోసం హోటల్ పెట్టినానా అన్నా?"

"పాము కాదు భాయ్, చేప. చెవులూ మొప్పలూ ఉంటాయి."

"చెవులుంటాయా?"

చెవుల సంగతి నాకు తెలీదు. మాట జోరులో వచ్చేసింది.

చివరికి, మలుగు నోటికి పట్టనంత వెడల్పుగా, మలుగు జోలికి పోనంత నెమ్మదిగా ఉండేవాటిని ఏరాం. బల్లెం లాంటి ముక్కూ కుందేలు మొహమూ ఉన్న పసుపుపచ్చది, నీలం గీతల ఏంజెల్ చేప, తోక పక్కన కత్తి దాచుకుని రాళ్ల మీద పాచి గీక్కు తినే సర్జన్ చేప, పగలంతా నీడలో దాక్కునే పెద్దకళ్ల ఎర్రచేప. సాధువు ముందు, గడుసుది చివర, ఆ వరసలో వదలాలి. ముందొచ్చినదానికి నాలుగు రోజులు ఇల్లు తనదనిపిస్తే, తర్వాత వచ్చిన పెద్దది మరీ పెత్తనం చేయదు. ఇవన్నీ భోజనం దగ్గర వర్ణిస్తుంటే మా ఆవిడ చారు వడ్డిస్తూ, "పెళ్లిచూపులకొచ్చినప్పుడు మా ఇంట్లో కాఫీ బాగుందా లేదా అని తప్ప మీరేం విచారించలా," అంది.

మలుగు దాక్కోవడానికి పైపు ముక్క పెట్టాను. పైకెక్కి బయటపడకుండా మూత మీద బరువు పెట్టాను. అయినా అది చిక్కిపోసాగింది. చూపు మందం, వాసన పట్టి నెమ్మదిగా వచ్చేలోపే మిగతావన్నీ మేత ఊడ్చేసేవి. అప్పుడు నాకు చెరువులు గుర్తొచ్చాయి. రొయ్యల చెరువులో చెక్ ట్రే అని ఉంటుంది, తాడుకట్టిన వలపళ్లెం. అందులో కాస్త మేత వేసి దించుతారు. కాసేపటికి పైకి లాగితే, అడుగున కనపడని రొయ్యలు తిన్నాయో లేదో తెలుస్తుంది. నేను చిన్న చెక్ ట్రే కట్టి, తొట్టికి ఆ చివర చేపలకు మేత వేసి, ఈ చివర పైపు మూతి దగ్గర కణవాయి, అంటే స్క్విడ్, ముక్కలతో పళ్లెం దించాను. పళ్లెం ఖాళీగా పైకొచ్చింది! ఈ ఒక్క ఉపాయం నాదే. చెన్నై ఆయన్ని అడిగి చూసుకోవచ్చు.

అలా అంతా కుదురుకుంటున్న వేళ, చెన్నై నుంచి చివరి చేపతో పాటు మేం అడగని సంచి ఒకటి వచ్చింది. అందులో రెండు రొయ్యలు. ఎర్రటి వీపు మీద నడినెత్తిన తీసిన పాపిడిలా తెల్లటి గీత, ఒంటికంటే పొడవైన తెల్లటి మీసాలు. ఫోన్ చేస్తే, "మీ మలుగుకి పళ్లు తోముతాయి సార్, ఊరికే తీసుకోండి" అన్నాడు.

నేను నవ్వాను. కోతల్లో నన్ను మించినవాణ్ణి చూస్తే నాకు గౌరవం. కానీ రొయ్యను చేపకు చూపించకూడదన్నదే నా జీతం. హేచరీ తొట్టిలో ఈనెపుల్లంత చేప కనపడినా ఆ పూట ఎవరికీ అన్నం సహించేది కాదు. పైగా రొయ్యా పీతా మలుగుకి ప్రాణం. వేయొద్దని నేను అంటూనే ఉన్నాను, భాయ్ సంచి విప్పి రెండింటినీ వదిలేశాడు. "ఊరికే వచ్చినాయి కదన్నా, పోతే పోతాయి." అవి రాతికింద దూరాయి.

మర్నాడు మధ్యాహ్నం, భోజనాల రద్దీ ఇంకా మొదలు కాలేదు. మాస్టర్ వంటింట్లో, భాయ్ నమాజుకి పోయాడు. నేను తొట్టి పక్కన స్టూలెక్కి, మూత తీసి, కణవాయి కోస్తున్నాను. మలుగు పైపులోంచి సగం ఒళ్లు బయటికి తెచ్చి, రొయ్యలున్న రాతివైపు పోయింది. అక్కడ ఆగింది. రొయ్య ఒకటి బయటికొచ్చి మీసాలు ఊపింది. ఎవరినో రమ్మని పిలిచినట్టుగా ఊపింది. మలుగు నోరు తెరిచింది. ఈసారి మూయలేదు. తెరిచి, అట్లాగే పట్టుకుంది.

రొయ్య దాని పెదవి మీద కాలు పెట్టింది. తర్వాత రెండో కాలు. తర్వాత లోపలికి నడిచింది.

నా చెయ్యి నా మాట వినలేదు. ఇన్నేళ్లు రొయ్యను కాపాడటానికి అలవాటుపడిన చెయ్యి, పైగా కణవాయి నీచు అంటుకున్న చెయ్యి, నీళ్లలోకి పోయింది. మలుగుకి కనిపించింది చెయ్యి కాదు, వాసన. పట్టుకుంది. వెంటనే, ఇది తినేది కాదని తెలిసినట్టు వదిలేసి పైపులోకి పోయింది.

వేలు నోట్లో పెట్టుకుని స్టూలు మీద నిలబడ్డాను. రొయ్య ఎక్కడికీ పారిపోలేదు. రాతి మీద నిలబడి, మీసాలు సర్దుకుని, ఎదురుచూస్తోంది. కాసేపటికి మలుగు మళ్లీ వచ్చింది. మళ్లీ నోరు తెరిచింది. రొయ్య మళ్లీ ఎక్కింది. ఈసారి నేను కదల్లేదు. సూదుల్లాంటి ఆ పళ్ల మధ్య అది వంగి, చిన్న చిన్న గోళ్లతో ఏదో ఏరింది, తిన్నది, పక్కకు జరిగింది, మళ్లీ ఏరింది. ఇంట్లో పొయ్యిగట్టు తుడుచుకునే మనిషికి ఎంత తీరిక ఉంటుందో దానికంత తీరిక. మలుగు మొప్పలు అదిరాయి, నోరు మాత్రం మూయలేదు. ఆకలి తెలిసిన ప్రాణి, తన తిండి తన నాలుక మీద నడుస్తుంటే, నోరు తెరిచి పట్టుకుని ఉంది. దాన్ని ఎవరూ పట్టి ఆపలేదు.

నా చేతుల మీదుగా పోయిన రొయ్యపిల్లలకు లెక్క లేదు. ఒక్కదాని ముఖమైనా చూశానా? వాటిని ప్రాణులన్న మాటే మేం అనలేదు, సీడ్ అన్నాం. ఆ కిటికీ అవతల, నేను వడగట్టి చంపిన ఆ నీళ్లలో, ఇట్లాంటి ఒప్పందాలు ఎన్ని ఉన్నాయో. ఎవరు మొదట నోరు తెరిచారో, ఎవరు మొదట కాలు పెట్టారో. స్టూలు మీదినుంచి దిగడానికి ధైర్యం చాలలేదు, ఎత్తుకి కాదు. కింద నేల మామూలుగా ఉంటుందని.

భాయ్ రాకముందే వేలికి గుడ్డ చుట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఇక్కడే నా నోరు నన్ను ముంచింది. వీధిలో ఎదురైనవాళ్లకి రొయ్య సంగతి చెప్పాను. "ఊఁ" అన్నారు. వేలికేమైందన్నారు. మలుగు పట్టిందన్నాను. కుర్చీ వేశారు! రెండో ఇంటి దగ్గర రెండు కుట్లు పడ్డాయి. టీకొట్టు దగ్గరికి వచ్చేసరికి నాలుగయ్యాయి. సాయంత్రానికి ఆరు కుట్లు, తెగబోయి ఆగిన నరం, కావలి డాక్టరు తల పట్టుకోవడం, అన్నీ సమకూరాయి. అద్భుతానికి దొరకని శ్రోతలు గాయానికి దొరికారు. ఏం చేయను?

పొద్దున్నే భాయ్ నుంచి ఫోన్ వచ్చింది. గొంతు మామూలుగా లేదు.

"నీకు ఆరు కుట్లు పడితే నాకు చెప్పవా అన్నా? ఊరంతా చెప్పుకుంటన్నారు. పిల్లాపాపతో వచ్చే చోటు ఇది. మాస్టర్‌కి చెప్పేసినా. మధ్యాహ్నానికి దాన్ని తీసేస్తాడు."

"భాయ్, నా మాట..."

పెట్టేశాడు.

మా ఆవిడ నా మొహం చూసింది. "నేను పసుపు పెట్టిన వేలికి కుట్లేసిన డాక్టరెవరో నేనూ చూస్తా, పదండి," అని చెప్పులేసుకుంది.

మేం పోయేసరికి హోటల్లో బల్లలు సగం నిండాయి. తొట్టి పక్కన మాస్టర్ వల, బకెట్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "చింతపండు కూడా నానేసినా పెద్దాయనా," అన్నాడు. జాలిగానే అన్నాడు, అదే ఘోరం.

భాయ్ గల్లా దగ్గర ఉన్నాడు. నేను వేలి గుడ్డ విప్పాను. విప్పుతుంటే అది అయిపోదే! కట్టింది నేనే, చూసేవాళ్లకి బాగుండాలని చాలా కట్టాను. చివరికి వేలు బయటపడింది. గోరు పక్కన బియ్యపుగింజంత గీత.

"కుట్లు యాడ?" అన్నాడు భాయ్.

"లేవు."

"నరం?"

"దాని చోట అది ఉంది."

"ఆయన మాటకేంది అన్నా, పసుపు పెట్టింది నేనే," అంది మా ఆవిడ భాయ్‌తో. "చింతకాయ కోసేటప్పుడు నాకు ఇంతకంటే తెగతాది."

బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. భాయ్ నవ్వలేదు. "అయినా కరిచింది కదా? నేను ముందే చెప్పినా కదా?"

"కరవలేదు భాయ్. రొయ్య దాని నోట్లోకి పోతుంటే నేనే చెయ్యి పెట్టినా. మేత వాసన చెయ్యి. అది రొయ్యను తినలేదు. రొయ్య దాని పళ్లు శుభ్రం చేస్తా ఉండింది. నా కళ్లతో చూసినా."

భాయ్ గల్లా మూసి ఇవతలికి వచ్చాడు. "ఆరు కుట్లు అన్న నోరూ ఇదే, ఇది చెప్పే నోరూ ఇదే. నేను దేన్ని నమ్మేదన్నా?"

ఒక్క అంగుళం పెంచకుండా చెప్పిన మాట నా జీవితంలో అదే కావచ్చు, దానికే విలువ లేకుండా పోయింది. మీసాల ఎర్రరొయ్య రాతి మీదే ఉంది. మలుగు పైపులోంచి ముక్కు తప్ప బయట పెట్టలేదు.

"ఈ బంతి లేచేదాకా చూడు భాయ్," అన్నాను. "ఆ పైన నీ ఇష్టం."

భాయ్ కుర్చీ తెచ్చుకుని తొట్టి ముందు కూర్చున్నాడు. మాస్టర్ బకెట్ కింద పెట్టాడు. నేను కణవాయి ముట్టుకోలేదు. మేత వేసి రప్పించానని అంటారు. జనం తింటున్నారు. ముందుబల్ల దగ్గర రొయ్యల వేపుడు వచ్చింది. ఏంజెల్ చేప ఒక చుట్టు తిరిగింది, మళ్లీ తిరిగింది. భాయ్ గడియారం చూసుకున్నాడు. నేను చూడనట్టు ఉన్నాను. కొందరు చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. మాస్టర్ వల అందుకున్నాడు.

"ఉండు," అంది మా ఆవిడ.

మలుగు వచ్చింది. ఎప్పటిలాగే, ఎవరి కోసమూ తొందర లేకుండా, రాతి పక్కనుంచి ఒళ్లు జార్చుకుంటూ వచ్చి ఆగింది. రొయ్య మీసాలు ఊపింది. మలుగు నోరు తెరిచింది.

రొయ్య ఎక్కింది.

వంటింట్లో పెనం మీద నూనె చిటపటలు వినిపించాయి. ముందుబల్ల ఆయన వేళ్ల మధ్య వేయించిన రొయ్య, సగం దారిలో, నోటికి బెత్తెడు దూరంలో ఆగింది. ఆయన దాన్ని చూశాడు, తొట్టిలో దాన్ని చూశాడు, నెమ్మదిగా ప్లేటులో పెట్టేశాడు. లోపలి రొయ్య వీపు కూడా కనపడనంతగా వంగి, ఒక్కో పన్నూ తడిమి, ఇటు తిరిగి, మీసాలు ముందు, ఒళ్లు తర్వాత, బయటికి నడిచి వచ్చింది. మలుగు నోరు మూసింది. భాయ్ పెదాలు కదిలాయి. దేవుణ్ణి తలుచుకున్నాడు.

తల తిప్పకుండానే అన్నాడు: "మాస్టర్. ఆ చింతపండు వంజరానికి వాడు."

మలుగు ఇప్పటికీ ఉంది. మూడో గరిటె కొలతకు వస్తోందని మాస్టరే ఒప్పుకుంటున్నాడు. సాయంత్రాలు నేను పోయి చెక్ ట్రే దించుతాను. మేత అందించడానికి పొడవాటి పటకారు కొనుక్కున్నాను, చెయ్యి నీళ్లలో పెట్టను. హోటల్లో ఎవరూ ఫోన్ చూడరని రాద్దామనుకున్నాను. చూస్తారు. తొట్టివైపు తిప్పి పట్టుకుంటారు.

మొన్న ఒక కుటుంబం వచ్చింది. భాయ్ వాళ్ల బల్ల దగ్గర నిలబడి చేతులు ఊపుతున్నాడు. "అరగంట! అరగంట ఉండిందయ్యా లోపల! తోక దాకా పొయ్యి వచ్చింది!"

నేను ఉండబట్టలేకపోయాను. "అంతసేపు కాదు భాయ్. తోకదాకా కూడా పోలేదు. నోటివరకే."

వాళ్లంతా నన్ను చూశారు. ఎంతో ఆనందంగా వింటున్న మాటకి అడ్డం వచ్చిన ముసలాణ్ణి చూసినట్టు చూశారు.